ముఖం ముఖంలా రావాలంటే...

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మన ఇళ్లల్లో ఫోటోలకు కొదవ లేదు. ఒక్కొక్కరి ఫోనులో వేలకొద్దీ ఉంటాయి. ఇడ్లీ ఉడికితే ఫోటో, ముగ్గు పెడితే ఫోటో. కానీ ఇంట్లో పెద్దవారు కాలం చేసిన రోజున పటం కట్టించి దండ వేద్దామంటే మాత్రం మంచి ఫోటో ఒక్కటి దొరకదు. ఎవరి పెళ్లిలోనో వరుస చివర నిలబడిన గ్రూపు ఫోటోలోంచి ముఖం కత్తిరించి, పెద్దది చేయించి గోడకు తగిలిస్తారు. కళ్లు మసకగా, భుజం మీద పక్కావిడ చెయ్యి సగం, మెడలో గొలుసు సగం. రేపు మనవలకు నాయనమ్మ అంటే ఆ మసక బొమ్మే!

ఈ విషయంలో అందరికంటే అన్యాయమైపోయేది ఇంటి ఇల్లాలు. ఫోటోలు తీసే వేళకు ఆవిడ వంటింట్లో ఉంటుంది. లేకపోతే ఆవిడే ఫోను పట్టుకుని మిగతావారిని తీస్తూ ఉంటుంది. అందుకే ఇవాళ్టి ప్రసంగంలో ముఖచిత్రాలు, అంటే పోర్ట్రెయిట్లు, తీయడానికి పనికొచ్చే లెన్స్ గురించి చెప్పదలిచాను. చాలామంది ఇళ్లల్లో కెమెరా ఉంది. కొడుకో, మరిదో ముచ్చటపడి కొన్నారు. కొన్నప్పుడు దానితోపాటు వచ్చిన జూమ్ లెన్స్‌తో నాలుగు ఫోటోలు తీసి బీరువాలో పెట్టేశారు. ఆ కెమెరాకు ఒక్క మంచి లెన్స్ తోడైతే, ఇంట్లో అందరి ముఖాలూ పదికాలాలపాటు నిలిచిపోతాయి. ఆ లెన్స్ ఎలా ఎంచుకోవాలి, డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నదే మన విషయం.

ముందుగా ఒక చిన్న సంగతి. దగ్గరనుంచి తీసిన ఫోటోలో మన ముఖం మనకే నచ్చదు, గమనించారా? ముక్కు లావుగా, చెవులు చిన్నవిగా, నుదురు ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. తప్పు మన ముఖంలో లేదు, దూరంలో ఉంది. ముక్కు కొనకూ చెవికీ మధ్య నాలుగైదు అంగుళాల దూరం ఉంటుంది. కెమెరా ముక్కుకు అడుగు దూరంలో ఉంటే, ముక్కు 12 అంగుళాల దూరాన, చెవి 16, 17 అంగుళాల దూరాన ఉన్నట్టు. దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా కనిపించడం సహజం కదా! అదే కెమెరాతో ఆరడుగుల దూరానికి వెనక్కి జరిగామనుకోండి, ముక్కు 72 అంగుళాల్లో, చెవి 76, 77 అంగుళాల్లో ఉంటుంది. తేడా దాదాపు లేనట్టే. ముఖం ముఖంలా వస్తుంది.

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. అమెరికాలో ముఖానికి శస్త్రచికిత్సలు చేసే వైద్యులు 2018లో దీన్ని లెక్కగట్టి ప్రచురించారు. అయిదడుగుల దూరంనుంచి తీసిన ఫోటోతో పోలిస్తే, అడుగు దూరంనుంచి తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని తేల్చారు. ఆ సెల్ఫీలు చూసుకుని ముక్కుకు ఆపరేషన్ చేయమంటూ వచ్చేవారికి నచ్చచెప్పడానికే ఆ లెక్క వేశారట! మన దగ్గర ఆపరేషన్ల దాకా పోకపోయినా, పెళ్లి సంబంధాలకు ఫోనులో తీసిన ఫోటో పంపి, అవతలివారు పెదవి విరిస్తే, ‘అమ్మాయి ముక్కు కాస్త లావు’ అన్న మాట ఆ పిల్ల జన్మంతా మోస్తుంది. కెమెరా నాలుగడుగులు వెనక్కి జరిగి ఉంటే ఆ మాటే పుట్టేది కాదు.

సరే, వెనక్కి జరిగాం. కానీ మామూలు లెన్స్‌తో ఆరేడు అడుగులు వెనక్కి జరిగితే మనిషి చిన్నదైపోతుంది. చుట్టూ ఉన్న ఫ్రిజ్జు, క్యాలెండరు, ఆరేసిన బట్టలు అన్నీ ఫోటోలోకి వచ్చేస్తాయి. అంత దూరంనుంచి కూడా మనిషిని దగ్గరగా, ఫోటో నిండుగా చూపించే లెన్స్ కావాలి. దాన్నే టెలిఫోటో లెన్స్ అంటారు. క్రికెట్ మ్యాచిలో ఆటగాళ్లను తీసే చెంబంత పొడుగు లెన్స్ కాదు, అది మనకక్కర్లేదు. మనకు కావలసింది పొట్టి టెలిఫోటో. అందులోనూ జూమ్ లేనిది, ఒకే నాభ్యంతరం ఉన్నది. దీన్ని ప్రైమ్ లెన్స్ అంటారు. కూరగాయలు తరగడానికి ఎన్ని రకాల కత్తులున్నా గోంగూర కట్ట దగ్గరికొచ్చేసరికి కత్తిపీటే కావాలంటాం చూడండి, అలాంటిదన్నమాట. ఒక్క పని చేస్తుంది, ఆ పని బాగా చేస్తుంది.

ముఖాలకోసం ప్రత్యేకంగా లెన్స్ చేయడం కొత్తేమీ కాదు. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. మరుసటి సంవత్సరమే, 1840లో, వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే గణితాచార్యుడు కాగితం మీద లెక్కలు కట్టి పోర్ట్రెయిట్ లెన్స్ రూపొందించాడు. అప్పటిదాకా నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసిన మనిషికి ఆ బాధ చాలావరకు తప్పింది. కారణం ఒక్కటే, ఆ లెన్స్ అంతకుముందు వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చేది.

ఆడవారికి ఈ యంత్రాలెందుకు అనేవారికి ఇంకో సంగతి చెప్పాలి. జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఆవిడ 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. పెళ్లయి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇంగ్లండులో ఉండగా, 1863లో కూతురూ అల్లుడూ ఆవిడకు ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. అప్పుడావిడ వయసు 48 ఏళ్లు. ఇంట్లో కోళ్ల గూడును స్టూడియో చేసుకుని, ఇరుగుపొరుగులనూ, పనివాళ్లనూ, పేరున్న కవులనూ, శాస్త్రవేత్తలనూ కూర్చోబెట్టి తీసిన ముఖచిత్రాలు ఇవాళ ప్రపంచంలోని పెద్ద మ్యూజియముల్లో ఉన్నాయి. నలభై ఎనిమిదేళ్లకు మొదలుపెట్టినావిడ కథ ఇది. కాబట్టి ‘ఈ వయసులో నాకెందుకమ్మా’ అనకండి.

ఇక అసలు విషయం. లెన్స్ మీద రెండు అంకెలు ఉంటాయి. ఆ రెండూ తెలిస్తే దుకాణంలో మనల్ని ఎవరూ బోల్తా కొట్టించలేరు.

మొదటిది మిల్లీమీటర్లలో ఉంటుంది: 50, 85, 105, 135 ఇలా. ఇదే నాభ్యంతరం. అంకె పెరిగినకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. ముఖచిత్రాలకు సంప్రదాయంగా వాడేవి 85 నుంచి 135 దాకా. అయితే ఈ లెక్క ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు, అంటే లోపలి సెన్సరు పాత ఫిల్ము అంత, 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నవాటికి. మన ఇళ్లల్లో ఉండే కెమెరాల్లో చాలావాటి సెన్సరు అంతకంటే చిన్నది. దాన్ని ఏపీఎస్-సీ అంటారు. అందులో 50 లెన్స్ పెడితే 75 లాగా పనిచేస్తుంది. కానన్ కెమెరాల్లో అయితే 80 లాగా. అంటే చిన్న సెన్సరు కెమెరా ఉన్నవారికి, అన్నిటికంటే చవకైన 50 లెన్సే పోర్ట్రెయిట్ లెన్స్ అయిపోతుంది! ఫ్యూజీ కెమెరాల్లో 56, మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల్లో 45 లెన్సులు ఇందుకే చేశారు. కాబట్టి దుకాణానికి వెళ్లేముందు మీ కెమెరా సెన్సరు ఏ సైజో కెమెరా పుస్తకంలో చూసుకోండి.

రెండో పని, టేపు తీసుకుని మీ హాలు కొలవండి. నవ్వకండి, ఇది చాలా ముఖ్యం. బీరువా కొనేముందు గుమ్మం కొలుస్తామా, లేదా? ఇదీ అంతే. నేను లెక్క చెబుతాను, కాగితం మీద రాసుకోండి.

కూర్చున్న మనిషిని నడుము పైనుంచి తల దాకా తీయాలంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 85 లెన్స్‌కు సుమారు ఏడున్నర అడుగుల దూరం కావాలి. 135కు పదకొండున్నర అడుగులు. చిన్న సెన్సరు కెమెరాలో 50 లెన్స్‌కు ఆరున్నర, ఏడు అడుగులు చాలు. అదే కెమెరాకు 85 తగిలిస్తే పదకొండు అడుగులు కావాలి. పట్టుచీర కట్టుకుని నిలబడిన మనిషిని పాదాలదాకా తీయాలంటే, ఫుల్ ఫ్రేమ్‌లో 85కు 16 అడుగులు, 135కు 25 అడుగులు! చిన్న సెన్సరులో 50కి 14, 85కు 24 అడుగులు.

దీనికి ఇంకో రెండు లెక్కలు కలపాలి. కూర్చున్నవారు గోడకు ఆనుకోకుండా నాలుగడుగులు ముందుకు ఉండాలి. ఎందుకో తరవాత చెబుతాను. కెమెరా పట్టుకున్నవారు నిలబడడానికి రెండడుగులు కావాలి. మీ హాలు 14 అడుగుల పొడవు అనుకోండి. ఏడున్నర, నాలుగు, రెండు కలిపితే పదమూడున్నర. ఫుల్ ఫ్రేమ్‌లో 85, చిన్న సెన్సరులో 50 సరిగ్గా పడతాయి. అదే చిన్న సెన్సరు కెమెరాకు, పేరు బాగుందని 85 కొన్నారనుకోండి, పదకొండు, నాలుగు, రెండు కలిపితే పదిహేడు అడుగులు. ఫోటో తీసేవారు బాల్కనీలోకి వెళ్లి నిలబడాలి! డాబా మీదో, పార్కులోనో, గుడి ఆవరణలోనో తీసేవారికి ఆ బాధ లేదు. వారికి 85, 135 కూడా హాయిగా ఉంటాయి. మీరు ఎక్కువగా తీసేది ఎక్కడ అన్నదాన్ని బట్టే మీ లెన్స్.

కొనకముందే పరీక్ష చేసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. కెమెరాతో వచ్చిన జూమ్ లెన్స్ మీద 18 నుంచి 55 దాకా అంకెలుంటాయి. దాన్ని 50 దగ్గర పెట్టి, ఇంక తిప్పకుండా వారం రోజులు ఇంట్లోవారిని తీసి చూడండి. మీ ఇంట్లో ఆ దూరం సరిపోతోందా, ఇరుకవుతోందా అన్నది పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

ఇక రెండో అంకె. దీన్ని ఎఫ్ నెంబరు అంటారు. 1.2, 1.4, 1.8, 2.8, ఇలా ఉంటుంది. లెన్స్ కన్ను ఎంత పెద్దగా తెరుచుకుంటుందో చెప్పే అంకె. ఇందులో ఒక తిరకాసు ఉంది: అంకె చిన్నదయ్యేకొద్దీ కన్ను పెద్దది. ఇది మనకు కొత్తేం కాదు. నూలు చీరల్లో 60 కౌంటు కంటే 100 కౌంటు పోగు సన్నం కదా! అంకె పెరిగితే సన్నబడుతుంది. ఎఫ్ నెంబరూ అంతే.

కన్ను పెద్దగా తెరుచుకుంటే రెండు లాభాలు. మొదటిది వెలుతురు. కెమెరాతో వచ్చిన జూమ్ లెన్స్ 55 దగ్గర సాధారణంగా ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్ 1.8 లెన్స్ దానికంటే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు రానిస్తుంది. అంటే సాయంత్రం దీపాలు పెట్టే వేళ, కిటికీలోంచి వచ్చే వెలుగులోనే ఫ్లాష్ లేకుండా తీయవచ్చును. ఫ్లాష్ పడితే నూనె రాసుకున్న జుట్టు, నుదురు, ముక్కుపుడక అన్నీ ఒకేలా మెరిసి ముఖం చదునైపోతుంది. ఆ బాధ తప్పుతుంది.

రెండో లాభం, వెనకున్నవి మసకబారి మనిషి మాత్రమే స్పష్టంగా నిలుస్తుంది. అయితే ఇక్కడే జాగ్రత్త కావాలి. ఫుల్ ఫ్రేమ్‌లో 85 లెన్స్‌ను ఎఫ్ 1.8 దగ్గర పెట్టి, ఆరున్నర అడుగుల దూరంనుంచి తీస్తే, స్పష్టంగా ఉండే మేర మొత్తం ఆరు సెంటీమీటర్లు. మన నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదు! కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసక. మనిషి కాస్త ఊగితే కన్ను కూడా మసకే. అదే ఎఫ్ 2.8కి తగ్గిస్తే తొమ్మిది సెంటీమీటర్లు, ఎఫ్ 4 దగ్గర పదమూడు సెంటీమీటర్లు. ముఖమంతా స్పష్టంగా రావాలంటే ఎఫ్ 4 హాయి. పెద్దగా తెరుచుకునే లెన్స్ కొన్నాం కదా అని ఎప్పుడూ బార్లా తెరిచే తీయనక్కరలేదు.

ఇది తెలిస్తే డబ్బు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ఒకే కంపెనీ 85 లెన్సుల్లోనే ఎఫ్ 1.8 ఒక ధర, ఎఫ్ 1.4 దానికి కొన్ని రెట్లు, ఎఫ్ 1.2 ఇంకా పైన ఉంటుంది. 1.8కీ 1.4కూ వెలుతురులో తేడా రెండు రెట్లు కూడా లేదు. ఎఫ్ 1.4 దగ్గర స్పష్టంగా ఉండే మేర అయిదు సెంటీమీటర్ల లోపే. బరువు సంగతీ చూడాలి. కానన్ వారి పాత తరహా 85 లెన్సుల్లో ఎఫ్ 1.8 రకం 425 గ్రాములు, ఎఫ్ 1.2 రెండో రకం 1,025 గ్రాములు. కెమెరా బరువు దానికి అదనం. పసిపిల్లను నవ్విస్తూ అరగంట అది పట్టుకుని నిలబడితే మర్నాడు పిండి కలపడానికి చెయ్యి లేవదు. ఫోటోలే వృత్తిగా చేసుకున్నవారి సంగతి వేరు. ఇంటికి మాత్రం ఎఫ్ 1.8 నిక్షేపంగా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో తీసిన ఫోటోలు మంచి కాగితం మీద ప్రింటు వేయించండి.

‘ముఖాలే కాక పూలూ, నగలూ, కుట్టుపనీ కూడా దగ్గరగా తీయాలి’ అనేవారికి 90, 100, 105 సైజుల్లో ఎఫ్ 2.8 మ్యాక్రో లెన్సులున్నాయి. అవి ముఖాలకూ బాగుంటాయి. కాకపోతే 1.8 అంత వెలుతురు రానివ్వవు. మామూలు 85 లెన్స్ రెండున్నర, మూడడుగుల కంటే దగ్గరికి వెళితే ఫోకస్ కాదు. ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

దుకాణానికి వెళ్లేటప్పుడు కెమెరా వెంట తీసుకెళ్లండి. రవికెకు మ్యాచింగు గుడ్డ కొనడానికి చీర పట్టుకెళ్లినట్టే. ఒక కంపెనీ లెన్స్ సాధారణంగా ఇంకో కంపెనీ కెమెరాకు తగలదు. ఒకే కంపెనీలో కూడా పాత కెమెరాలకు ఒక రకం బిగింపు, అద్దం లేని కొత్త కెమెరాలకు ఒక రకం బిగింపు ఉంటాయి. పాత లెన్స్ కొత్త కెమెరాకు పట్టాలంటే అడాప్టరు అనే కడియం కావాలి. ఇంకో మాట. నైకాన్‌లో డీ3500, డీ5600 వంటి చిన్న కెమెరాల లోపల ఫోకస్ మోటారు ఉండదు. వాటికి మోటారు లెన్స్‌లోనే ఉన్న రకం కొనాలి. లేకపోతే ప్రతిసారీ చేత్తో తిప్పుకోవలసిందే.

వాడిన లెన్స్ కొనడం తప్పేమీ కాదు. లెన్సులు బాగా చూసుకుంటే దశాబ్దాలు పనిచేస్తాయి. అయితే నాలుగు పరీక్షలు చేయాలి. చిన్న టార్చి వెలుగు ఒకవైపునుంచి వేసి రెండోవైపునుంచి చూడండి. లోపల సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది బూజు, తీసుకోవద్దు. లోపలి రేకుల మీద నూనె మరక ఉండకూడదు. కెమెరాకు తగిలించాక వదులుగా కదలకూడదు. చివరగా, దుకాణంలో ఉన్నవారి ముఖమే ఒకటి తీసి, తెరమీద పెద్దది చేసి కంటి రెప్పలు చూడండి. మీరు కంటిమీద ఫోకస్ చేస్తే కన్నే స్పష్టంగా ఉండాలి. చెవో, ముక్కో కాదు.

బూజు అన్నాను కనుక, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు ఊళ్లల్లో ఉన్నవారు మరీ జాగ్రత్త పడాలి. వానాకాలంలో లెన్స్‌ను తోలు సంచీలో పెట్టి బీరువాలో పడేస్తే బూజు పట్టడం ఖాయం. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి. పొట్లాలు తేమ పీల్చుకుని నీరసించాక మార్చండి. అన్నిటికంటే మంచి మందు వాడకం. పదిరోజులకోసారైనా బయటికి తీసి నాలుగు ఫోటోలు తీయండి. దుమ్ము పడితే చీర చెంగుతో మాత్రం తుడవకండి. జరీ గీత పడితే పోదు. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది, తరవాత మెత్తని లెన్స్ గుడ్డతో తుడవాలి.

లెన్స్ వచ్చింది. ఎలా తీయాలి? కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట కుర్చీ వెయ్యండి. మనిషిని గోడకు ఆనించకండి. గోడకు ఆనుకుని కూర్చుంటే ఎంత ఖరీదు లెన్సయినా గోడమీది మేకును మసకబార్చలేదు. నాలుగడుగులు ముందుకు జరిపితే వెనకున్న క్యాలెండరు మెత్తని రంగుగా మారిపోతుంది. కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చున్నవారిని నిలబడి తీయకూడదు. కెమెరాకు దగ్గరగా ఉన్న కంటిమీద ఫోకస్ చేయాలి. కొత్త కెమెరాలు చాలావరకు కంటిని వాటంతట అవే వెతికి పట్టుకుంటాయి. పెద్దవారిని తీసేటప్పుడు షట్టరు వేగం సెకనులో 125వ వంతు, పిల్లలకు 250వ వంతు ఉంటే కదిలినా చెదరదు. ఇద్దరిని తీయాలంటే పక్కపక్కనే ఒకే వరసలో కూర్చోబెట్టి ఎఫ్ 4 పెట్టండి. ఇంటిల్లిపాది గ్రూపు ఫోటోకు ఈ లెన్స్ వద్దు, మామూలు లెన్సే మంచిది.

లెన్స్ కొనే వీలు లేనివారు నొచ్చుకోనక్కర్లేదు. ఫోనుతోనే తీయండి, అయిదారడుగులు వెనక్కి జరగండి. ఫోనులో 2 అనో 3 అనో గుర్తు ఉంటే అది నొక్కండి. ముఖం నిష్పత్తి సరిగ్గా వస్తుంది. కొత్త ఫోనుల్లో వెనకవైపు మసకబార్చే ఏర్పాటు కూడా ఉంది. 2016లో ఐఫోన్ 7 ప్లస్‌తో అది బాగా ప్రచారంలోకి వచ్చింది. కానీ అది లెన్స్ చేసే పని కాదు, లెక్క కట్టి పూసే పూత. అందువల్ల ఒక్కోసారి జడలో మల్లెపూలు, చెవి జూకాలు, నుదుటి మీది ముంగురులు కూడా మసకలో కలిసిపోతాయి. తీశాక ఒకసారి పెద్దది చేసి చూసుకోండి.

ఇంకో మాట. మన హైదరాబాదులోనే 1892లో, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు లాలా దీన్ దయాళ్ స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. దాన్ని నడిపినది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. పరదా వెనకుండే స్త్రీలు మగవారి ముందు కూర్చోలేరు కనుక ఆ ఏర్పాటు. ఇవాళ పరదా లేకపోయినా, మరో ఆడమనిషి ముందు కూర్చున్నప్పుడు మన ముఖంలో వచ్చే తేలికదనం వేరు. సీమంతాలు, పసిపిల్లల ఫోటోలు, ఓణీల వేడుకలు తీయడానికి ఆడవారినే పిలుచుకునే ఇళ్లు ఉన్నాయి. ఒక కెమెరా, ఒక పోర్ట్రెయిట్ లెన్స్, ఒక కిటికీ ఉంటే ఇంటి పట్టున ఉంటూనే నాలుగు రాళ్లు సంపాదించుకోవచ్చును. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు హోమాయ్ వ్యారావాలా చీర కట్టుకునే, భుజాన కెమెరా వేసుకుని ఢిల్లీ అంతా తిరిగారు. 2011లో ఆవిడకు పద్మవిభూషణ్ వచ్చింది.

అయితే మంచి లెన్స్‌తోపాటు ఒక బాధ్యత కూడా వస్తుంది. 1984లో పెషావరు దగ్గరి శరణార్థుల శిబిరంలో స్టీవ్ మెకర్రీ ఒక ఆఫ్ఘన్ బాలికను తీశాడు. నైకాన్ 105 ఎఫ్ 2.5 లెన్స్, మనం చెప్పుకుంటున్న పొట్టి టెలిఫోటోయే. 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రఫిక్ ముఖపత్రం మీద వచ్చి, ఆ ఆకుపచ్చని కళ్లు లోకమంతా తిరిగాయి. కానీ ఆ అమ్మాయి షర్బత్ గులా మాత్రం 2002లో మళ్లీ ఆమెను వెతికి పట్టుకునేదాకా తన ఫోటో తాను చూడనే లేదు! తీసిన ఫోటో ముందు ఎవరిదో వారికి చూపించాలి. వారు సరేనన్నాకే నలుగురికీ పంపాలి. మన కోడలైనా, పనిమనిషి అయినా, పక్కింటి పాప అయినా అంతే.

చివరగా మీకో పని చెబుతాను. ఈ ఆదివారం మీ ఇంట్లో అందరికంటే పెద్దవారిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. అత్తగారైతే ‘ఈ ముడతల మొహానికి ఫోటో ఎందుకే’ అంటారు. అననివ్వండి. ఆవిడ చిన్నప్పటి సంగతి ఏదైనా అడగండి. చెబుతూ చెబుతూ ఆవిడ కెమెరా సంగతి మరిచిపోతారు. అప్పుడు నొక్కండి. తరవాత ఆ కెమెరా మీ పిల్లల చేతికిచ్చి, మీరు ఆ కుర్చీలో కూర్చోండి. వంటింట్లో పొయ్యిమీద ఏముందో అని లేచిపోకండి. స్టవ్ ఆర్పేసి వచ్చి మరీ కూర్చోండి. ఆ ఇంటి ఫోటోల్లో మీ ముఖం కూడా మీ ముఖంలా ఉండాలి.